జంధ్యానికి కట్టిన తాళంచెవి

ఆ వేసవిలో మా నాన్న ఒంటి మీది గుర్తులు ఒక సినిమా హీరో బొమ్మ కింద అచ్చయి, జగ్గయ్యపేట బస్టాండు నుంచి కీసర దాకా గోడలెక్కాయి. బొమ్మ హీరోది, గుర్తులు నాన్నవి. ఆ సంగతి రాసిన నాకు తెలుసు, రాయనిచ్చిన నవీన్‌బాబుకి తెలుసు. మూడో మనిషికి తెలిస్తే మా ఇంటి మీదికి ఏం వస్తుందో కూడా మా ఇద్దరికీ తెలుసు.

మా నాన్న శేషాద్రి వత్సవాయి హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఆయన కనపడకుండా పోయి ఆ ఆషాఢానికి పన్నెండేళ్లు నిండబోతున్నాయి. పన్నెండేళ్లు కబురు లేని మనిషికి దర్భలతో బొమ్మ చేసి, దాన్నే శవమనుకుని కాల్చి, కర్మ చేయించాలని శాస్త్రం. నందిగామలో ఉండే మా ఉదయభాస్కర్ బాబాయి ఆ శాస్త్రాన్ని చంకన పెట్టుకుని వైశాఖంలోనే మా ఇంటికొచ్చాడు. పురోహితుణ్ణి మాట్లాడేశాడట. ఆషాఢ బహుళ దశమి ఖాయం చేశాడట. అన్నయ్యకి గతులు కలగాలి కదా వదినా అని మంచినీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టాడు.

అమ్మ పప్పు రుబ్బుతూ తలెత్తలేదు.

"గడ్డిబొమ్మని చూసి బొట్టు తుడుచుకోమంటావా భాస్కరం? మీ అన్నయ్యని చూపించు. అప్పుడే తుడుచుకుంటా."

బాబాయి నా వంక చూశాడు, నువ్వైనా చెప్పవే రాగసుధా అన్నట్టు. నాకు ముప్ఫై నాలుగేళ్ళు. నేనూ బళ్ళో తెలుగు చెప్పుకుంటున్నాను. ఇంట్లో పన్నెండేళ్లుగా తద్దినం పెట్టలేదు, పండగ చెయ్యలేదు. దేవుడి గదిలో నాన్న ట్రంకుపెట్టె తాళం వేసినట్టే ఉంది. పగలగొట్టిద్దామని బాబాయి ఒకసారి మనిషిని తెస్తే అమ్మ ఆ పెట్టె మీదెక్కి కూర్చుంది. ఆయన పెట్టె ఆయనే వచ్చి తీస్తాడంది. దాని తాళంచెవి నాన్న జంధ్యానికి కట్టుకునేవాడు. బోర్డు మీదికి వంగినప్పుడు చొక్కా మెడలోంచి ఊగుతూ బయటికొస్తే పిల్లలు నవ్వేవాళ్ళు.

నాన్న ఎందుకు పోయాడో ఊళ్ళో అందరికీ తెలుసు, పైకి అనేవాళ్ళే లేరు. ఆ ఏడు పంచాయతీ ఎన్నికల్లో వత్సవాయి అవతల ఒక ఊరికి ఆయన్ని ఎన్నికల అధికారిగా వేశారు. ఓట్లు లెక్కపెడితే అక్కడ సర్పంచి పదవికి నిలబడ్డ బుల్లిబాబు పంతొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు. ఆ కాగితం మీద ఏజెంట్లు సంతకాలు కూడా పెట్టారు. తెల్లారేసరికి ఏడు ఓట్లతో గెలిచినట్టు ఇంకో కాగితం తయారైంది. దాని మీద సంతకం పెట్టనని నాన్న భీష్మించుకున్నాడు. ఎవరో పెట్టేశారు. ఐదో రోజున, అసలు కాగితం పెట్టెలో పెట్టి, జిరాక్సు తీసుకుని, కలెక్టరుకి చెప్పొస్తానని స్కూటరెక్కాడు. స్కూటరు కీసర వంతెన మీద దొరికింది. కింద మున్నేరు నిండుగా ఉంది. మాస్టారికి మనసు బాగాలేదని రాసి పోలీసులు ఫైలు మూసేశారు. వారం తర్వాత ఇద్దరు మనుషులు మా ఇంటికొచ్చి ఎన్నికల కాగితాలేమైనా ఉన్నాయా అని దేవుడి గది వైపు నడిచారు. అమ్మ తడిబట్టతో ఎదురొచ్చి, మడి, ముట్టుకోవద్దంది. మనిషిని మాయం చెయ్యడానికి వెనకాడని వాళ్ళు మడికి భయపడి వెనక్కి వెళ్ళిపోయారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, ఆ వెంటనే ఏడుపొస్తుంది.

అలాంటి మా జగ్గయ్యపేటకి మే నెలలో సినిమా వాళ్ళొచ్చారు. కథ ఏమిటయ్యా అంటే, ఎన్నికల సమయంలో ఒక ఆఫీసరు మాయమైపోతాడు, ప్రభుత్వంలో ఎవరికీ తెలియకుండా నలుగురు కలిసి ఆయన్ని వెతుకుతారు. దర్శకుడు నవీన్‌బాబు వత్సవాయి కుర్రాడే, నాన్న దగ్గర చదువుకున్నవాడే. విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. మా ఇంటి దుఃఖం ఇతనికి టిక్కెట్టు కొని చూసే వినోదమైందా అనుకున్నాను. తిట్టడానికే వెళ్ళాను. అతను లేచి నిలబడి, గోడలకి అంటించే ప్రకటనలు, ఆఫీసు కాగితాలు సర్కారు భాషలో రాసిపెట్టాలి అక్కా, మా వాళ్ళకి రావడం లేదు, సెలవులే కదా, రాసిపెట్టండి అన్నాడు. తిట్టడానికి వెళ్ళినదాన్ని సరేనన్నాను. ఎందుకంటే అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది.

మొదట రాయవలసింది "కనబడుట లేదు" ప్రకటన. మధ్యలో హీరో ఫోటో. దాని కింద నేను రాసింది ఇది: చామనచాయ. ఎడమ చెవి వెనుక కాలిన మచ్చ. కుడికాలి చిటికెనవ్రేలు ప్రక్కవ్రేలిపైకి ఎక్కియుండును. జంధ్యమునకు తాళంచెవి కట్టుకొనియుండును. ఫోను నంబరు దగ్గర పని చెయ్యని నంబరేదైనా వెయ్యమన్నారు. నేను కొత్త సిమ్ము కొని దాని నంబరు వేశాను. తాళంచెవి సంగతి పోలీసు ఫిర్యాదులో లేదు, పేపర్లో రాలేదు. అప్పుడు ఆ కంగారులో మాకే తోచలేదు. అంటే, ఇంట్లోవాళ్ళం, ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు కాక ఇంకెవరికైనా అది తెలిసిందంటే, చొక్కా విప్పి చూసినవాడే అయ్యుండాలి.

నవీన్‌బాబు కాగితం చదివాడు. రెండోసారి చదివాడు.

"మా ఆఫీసరు పాత్రకి జంధ్యం లేదక్కా."

"ఇంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు బాబూ."

అతను కాసేపు నా మొహంలోకి చూసి, కింద ఓకే అని సంతకం పెట్టి అచ్చుకి పంపేశాడు. ఆ తర్వాత మేమిద్దరం దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు.

రోహిణి కార్తెలో జగ్గయ్యపేట ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ ఎండలోనే పోస్టర్లు అంటించారు, వాటి ముందు హీరో పరిగెత్తాడు, ఆగాడు, మళ్ళీ పరిగెత్తాడు. షూటింగు ముక్త్యాల రోడ్డుకి మారినా గోడల మీద పోస్టర్లు అలాగే ఉన్నాయి. నా కొత్త సిమ్ము మోగడం మొదలైంది. హీరోగారిని మా ఊరి టీకొట్టు దగ్గర చూశామండి అని ఒకడు. ఆయన దొరికితే ఫోటో దిగొచ్చా అని ఇంకొకావిడ. మా వాడికి సినిమాలో వేషం ఇప్పించమని ముగ్గురు తండ్రులు. బళ్ళో ఇన్నేళ్ళు పిల్లలకి సమాధానాలు చెప్పిన ఓపికంతా ఆ ఫోనుకే ఖర్చయిపోయింది. అయినా మోగిన ప్రతిసారీ మొదటి రింగుకే ఎత్తేదాన్ని.

విలన్ ఇంటి కోసం ఊరంతా వెతికితే సినిమా వాళ్ళకి నచ్చింది బుల్లిబాబు మేడే. ఆయన సంతోషంగా ఇచ్చాడు. ఇప్పుడాయనకి లారీలు పెరిగాయి, పార్టీలో పదవి వచ్చింది. తెల్లబట్టల్లో వచ్చి గొడుగు కింద కుర్చీలో కూర్చుని, మజ్జిగ తాగుతూ షూటింగు చూసేవాడు. జూన్ మొదటి వారంలో ఒకరోజు లేచి గోడ దగ్గరికి నడిచాడు. ఊరికే నిలబడతాడనుకున్నాను. జేబులోంచి కళ్ళద్దాలు తీశాడు.

పెదాలు కదుపుతూ చదివాడు. నేను పక్కనే కాగితాలు సర్దుతున్నాను. సర్దినవే మళ్ళీ సర్దాను.

"జంధ్యం ఏందయ్యా, హీరోని బాపనాయన్ని చేశారా? ఎవరు రాశారిది?"

"హైదరాబాదు రైటర్లండి," అన్నాడు నవీన్‌బాబు. "వాళ్ళకేం తెలుసండి, ఏదో రాసేస్తారు."

బుల్లిబాబు నవ్వి నా వైపు తిరిగాడు. "మీరు శేషాద్రి మాస్టారి అమ్మాయి కదూ. అమ్మగారు బాగున్నారా?"

"బాగున్నారండి."

"ఎండలు జాస్తిగా ఉన్నాయి. బయట తిరగనివ్వకండి పెద్దావిణ్ణి."

మర్నాటికి జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా గోడల మీద ఒక్క పోస్టరు లేదు. అలా చింపించేశాడంటే ఆయనకి ఏదో తగిలిందన్నమాట. భయంతో పాటు, చెప్పకూడదు గానీ, కొంచెం ఆనందం కూడా కలిగింది. ఆ మధ్యాహ్నమే ఫోను మోగింది. అవతల మగగొంతు, పెద్ద వయసు. వెనకాల లారీల హారన్లు.

"అమ్మా, ఆ తాళంచెవి ఇనపదా, ఇత్తడిదా?"

ప్రకటనలో అది నేను రాయలేదు. అడుగుతున్నది చూసినవాడైనా కావాలి, నాకు తెలుసో లేదో తేల్చుకోమని బుల్లిబాబు పెట్టించిన మనిషైనా కావాలి. తెలియదని చెప్పి పెట్టేస్తే రెండో ప్రమాదం తప్పుతుంది. కానీ మొదటివాడు మళ్ళీ చెయ్యకపోతే? పన్నెండేళ్లలో ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

"ఇత్తడిది," అన్నాను. "పట్టుకునే చోట ఒక పక్క అరిగిపోయి ఉంటుంది."

ఫోను పెట్టేశాడు. తిరిగి చేస్తే స్విచాఫ్.

ఆ తర్వాత నాలుగు రోజులు ఎలా గడిచాయో దేవుడికెరుక. మా వీధి చివర ఒక కారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడేది. అందులోవాళ్ళు కిటికీ దించుకుని పల్లీలు తింటూ ఉండేవాళ్ళు. బాబాయికి ఎవరో చెప్పారేమో, పరుగున వచ్చి, మీ నాన్న సరిపోలేదా, నువ్వు కూడా కావాలా వాళ్ళకి అని నా మీద కేకలేశాడు. కేకలేస్తూనే ఏడ్చాడు. ఇంతవరకు బాబాయికి శాస్త్రమే ముఖ్యమనుకున్నాను. ఆయనకి మేమంటే ప్రాణమని, ఆ భయంతోనే తొందరగా ముగించెయ్యాలని చూస్తున్నాడని అప్పుడు అర్థమైంది. అమ్మ మాత్రం ఫోను సంగతి విని ఒక్కటే అడిగింది, ఆ గొంతులో జాలి ఉందా అని. ఉందేమోనమ్మా అన్నాను.

ఐదో రోజు ముక్త్యాలలో, కృష్ణ ఒడ్డున పెద్ద సీను. ఓటర్ల గుంపుగా నిలబడటానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మూడొందల మందిని లారీల్లో తెచ్చారు. మధ్యాహ్నం వాళ్ళకి భోజనం టోకెన్లు పంచే పని నా మీద పడింది. బుల్లిబాబు ఇరవై గజాల దూరంలో గొడుగు కింద కూర్చున్నాడు. వరస కదులుతోంది. నేను తల వంచుకుని చెయ్యి చాపడం, టోకెను ఇవ్వడం, అదే పని. ఒక ముసలి చెయ్యి నా అరచేతిలోకి వచ్చింది, టోకెను తీసుకుంది, ఏదో వదిలింది.

చల్లగా, బరువుగా ఉంది. చూడకుండానే వేలితో తడిమాను. ఒక పక్క అరిగి ఉంది.

నేను అరవలేదు, ఏడవలేదు. తర్వాతి మనిషికి టోకెను ఇచ్చాను, ఆ తర్వాతి మనిషికీ ఇచ్చాను. తాళంచెవి మెల్లగా కొంగు మడతలో దోపుకున్నాను. ముసలాయన పక్కనే నిలబడి చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి, నేలకేసి చూస్తూ అన్నాడు.

"నా పేరు నెహెమ్యా. మాది కీసర. ఆదివారం ప్రార్థన అయ్యాక సమాధుల తోటకి రండమ్మా. అమ్మగారిని తీసుకురండి."

ఆదివారం నవీన్‌బాబు కారు పంపాడు. వీధి చివరి కారు మా వెనక రాకుండా, ఆ పూట మా వీధిలోనే షూటింగు పెట్టి అటు ఇటు దారి మూయించేశాడు. సినిమా వాళ్ళ తాళ్ళకి, విజిళ్ళకి ఉన్న అధికారం కలెక్టరుకి కూడా ఉండదు. దారిలో అమ్మ తాళంచెవి చేతిలో తిప్పుతూనే ఉంది. దాని గాట్లలో తెల్లగా ఏదో ఇరుక్కుని ఉంది.

నెహెమ్యా, ఆయన భార్య రత్తమ్మ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఆ చుట్టుపక్కల అనాథ శవం దొరికితే పూడ్చిపెట్టే పని నెహెమ్యాదే. ఆయన దాచుకోకుండా అంతా చెప్పాడు. వంతెనకి మైలు కింద, తుమ్మ మొక్కల్లో నాన్న దొరికాడు. జీపులో బుల్లిబాబు మనుషులు ఇద్దరు ఉన్నారు. ఫోటో తియ్యొద్దన్నారు. తొందరగా పూడ్చెయ్యమన్నారు. జంధ్యం చూసి, ఈయన్ని కాల్చాలి గదండీ అని నెహెమ్యా అంటే, పొగ లేస్తే నిన్నూ అందులోనే వేస్తామన్నారు. మణికట్ల మీద తాడు ఒరుసుకున్న గుర్తులున్నాయి. అది చెప్పేటప్పుడు ఆయన అమ్మ వైపు చూడలేదు.

"పేపర్లో ఫోటో వచ్చింది. చూడలేదా?" అన్నాను. నా గొంతు నేననుకున్నదాని కంటే కటువుగా వచ్చింది.

"చూసానమ్మా. పోలిక పట్టా కూడా. అబద్ధం ఎందుకు చెప్పాల. మా అబ్బాయి మోజెస్ అప్పుడు బుల్లిబాబుగారి లారీ మీదే పనిజేసేవాడు. వాడికేమన్నా అయిద్దని నోరు మూసుకున్నా. ఇప్పుడు వాడు దూరాన ఉన్నాడు. ఆ తాళంచెవి ఒక్కటే తీసి సున్నం డబ్బాలో దాచా. ఎక్కడో తాళం దీనికోసం చూస్తుంటదనుకున్నా. మొన్న టోల్‌గేటు కాడ గోడ మీద చదివితే, ఎవరో నన్నే పిలిచినట్టయింది. ఫోన్లో మీ మాట విన్నాక, మాస్టారి అమ్మాయి షూటింగులో ఉందని తెలిసి లారీ ఎక్కా."

నాకు ఆయన మీద కోపం పోలేదు. పోలేదు కానీ, పిల్లవాడి కోసం నోరు మూసుకున్న మనిషిని ఏమని తిట్టాలో తెలియలేదు. మా బాబాయి కూడా ఆ పనే చేస్తున్నాడు కదా.

రత్తమ్మ మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళింది. వేపచెట్టు వెనక రెండు సమాధులు పక్కపక్కన. ఒకదాని మీద పేరుంది, రెండోదాని మీద లేదు. రెండూ తెల్లగా మెరుస్తున్నాయి.

"ఇది మా మామది, అది అయ్యగారిది. ఏటా సమాధుల పండక్కి రెంటికీ సున్నం వేసి, కొవ్వొత్తి పెడతామమ్మగారూ. మా మామకి పెట్టి ఆయనకి పెట్టకపోతే బాగోదు గదా."

అమ్మ ఆ తెల్లటి గట్టు మీద చెయ్యి పెట్టింది. నేను ఆవిణ్ణి పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. పడిపోలేదు. నెహెమ్యా వైపు తిరిగింది.

"స్నానం చేయించావా నాయనా?"

"చేయించానమ్మా. నీళ్ళు పొయ్యకుండా నేనెవర్నీ పెట్టను."

"చన్నీళ్ళా?"

"లేదమ్మా. వానగా ఉంది. మా ఇంటిది వేన్నీళ్ళు కాచి తెచ్చింది."

అప్పుడు ఏడ్చింది అమ్మ. నాన్నకి చన్నీళ్ళు పడవు, ఎండాకాలంలో కూడా కాచవలసిందే. పన్నెండేళ్లుగా మున్నేటి పేరు చెబితే ఆవిడ చెవులు ఎందుకు మూసుకునేదో నాకు అక్కడ తెలిసింది. ఇంటికొచ్చాక తలస్నానం చేసి, అద్దం ముందుకి వెళ్ళి, తనంతట తనే బొట్టు తీసేసింది. తర్వాత దేవుడి గదిలోకి వెళ్ళి ట్రంకుపెట్టె తాళం తీసింది. పైనే ఉంది కాగితం. పంతొమ్మిది ఓట్లు, ఏజెంట్ల సంతకాలు, చివర నాన్న గుండ్రటి సంతకం.

కానీ కేసు నిలబడాలంటే సమాధి తవ్వి ఎముకలు పరీక్షించాలన్నాడు నవీన్‌బాబు తెచ్చిన వకీలు. బాబాయి వద్దన్నాడు. పోయినవాణ్ణి ప్రశాంతంగా ఉండనివ్వండి అన్నాడు. నాకూ అదే అనిపించింది. ఆ తెల్లసున్నం మీద గడ్డపార పడటం ఊహించుకోలేకపోయాను. అమ్మ కాగితం మడిచి వకీలు చేతిలో పెట్టింది.

"దొంగ కాగితం మీద సంతకం పెట్టనందుకు పోయాడాయన. మనసు బాగాలేక పోయాడని రాసి ఉంది ఇప్పటికీ. తవ్వనివ్వు భాస్కరం."

విజయవాడలో పై అధికారికి అర్జీ ఇచ్చాం. నెహెమ్యా వచ్చి వాంగ్మూలం ఇచ్చాడు, జీపు సంగతితో సహా పూర్తిగా ఇచ్చాడు. సంగతి తెలియగానే బుల్లిబాబు మేడ గేట్లు మూసేశాడు. సినిమా వాళ్ళు మిగతా సీన్లు ఎక్కడో సెట్టు వేసుకుని తీసుకున్నారు. ఆయన మీద కేసు ఇంకా నడుస్తోంది, ఎటు తేలుతుందో నేను చెప్పలేను. వీధి చివర కారు మాత్రం ఇప్పుడు రావడం లేదు.

తహసీల్దారు, డాక్టరు వచ్చి సమాధి తవ్విన రోజు ఆషాఢ బహుళ అష్టమి. బాబాయి దర్భబొమ్మకి పెట్టిన ముహూర్తానికి ఇంకా రెండు రోజులుంది. సన్నగా వాన పడుతోంది. అమ్మ పొద్దున్నే రత్తమ్మ ఇంటికి వెళ్ళింది. పెళ్ళయిన దగ్గర్నుంచి మరొకరి పొయ్యి ముట్టుకోని మనిషి, రత్తమ్మ పొయ్యి ముందు కూర్చుని తన చేత్తో నీళ్ళు కాచింది. బకెట్టు ఒక పక్క తను, ఒక పక్క బాబాయి పట్టుకుని సమాధుల తోటకి తెచ్చారు. గేటు దగ్గర బాబాయి ఒక్క క్షణం ఆగాడు, చెప్పులు విప్పాడు, లోపలికి వచ్చాడు.

తవ్వే పని ఇంకెవరికీ ఇవ్వనివ్వలేదు నెహెమ్యా, తనే తవ్వాడు. బయటికి తీసినవన్నీ డాక్టరు తెల్లబట్టలో పెట్టించి మూటకట్టించాడు. అమ్మ బకెట్టు దగ్గరికి లాక్కుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. పరీక్ష అయ్యేదాకా నీళ్ళు తగలకూడదమ్మా, తర్వాత మీకే ఇచ్చేస్తాం అని మెల్లగా చెప్పాడు. అమ్మ తలూపింది. మూట జీపెక్కేదాకా చూసింది. బకెట్టులోంచి ఆవిర్లు ఇంకా వస్తున్నాయి.

నెహెమ్యా గోతి పక్కన నిలబడి ఉన్నాడు, మోచేతుల దాకా మట్టి. అమ్మ చెంబు ముంచుకుని ఆయన దగ్గరికి నడిచింది.

"చేతులు పట్టు నాయనా," అంది.

వద్దమ్మా, మీరు పొయ్యడమేంటి అని ఆయన వెనక్కి జరిగాడు. అమ్మ కదల్లేదు. చివరికి ఆయన రెండు చేతులూ చాపాడు. అమ్మ వంగి, తొందర లేకుండా, మట్టంతా పోయేదాకా పోసింది.

"వేడి సరిపోయిందా?" అని అడిగింది.